మిల్లు లైన్లలో నాయిన పరిచిన పడుగు

వరంగల్‌లో చాలాకాలం ఉన్నానని చెబితే చాలు, జనం కోట గురించి మొదలుపెడతారు. తోరణాలు చూశారా, వేయిస్తంభాల గుడికి పోయారా అని. చూశాను, పోయాను. రెండుచోట్లా ఎండకు కళ్ళు తిరిగాయి, తాగడానికి నీళ్ళు దొరకలేదు. రాజుల సంగతి చెప్పడానికి ఊరినిండా మనుషులున్నారు. నేను బతికిన వరంగల్ సంగతి మాత్రం ఎవరూ అడగరు. అందుకే అడక్కపోయినా చెబుతున్నాను.

అది ఊరి అంచున, రైలు పట్టాలకూ ఒక వాగుకూ మధ్య ఇరుక్కున్న మిల్లు ఊరు. మిల్లు రాకముందు అక్కడ జొన్న చేలు, తుమ్మచెట్లు తప్ప ఏమీ లేవట. వాగు ఉందని మిల్లు కట్టారు. రైలు ఉందని పత్తి దించారు. దించిన పత్తిని మోయడానికి, వడకడానికి, నేయడానికి మనుషులు కావలసివచ్చారు. అలా వచ్చినవాళ్ళలో మా ఆయన ఒకడు, ఆయన వెనక నేను. మా ఊరి చరిత్ర నాకు తెలిసి ఇంతే. ఇందులో కత్తి దూసిన రాజులెవరూ లేరు.

భూగోళం ఇంకా తేలిక. మా గుమ్మంలో నిలబడితే ఎడమచేతి వైపు మిల్లు గోడ, దాని మీద పగిలిన సీసా పెంకులు. కుడివైపు పోతే వాగు. ఇంటి వెనక పత్తి గోదాములు, వాటికి అవతల స్టేషన్. గాలి స్టేషన్ వైపు నుంచి వీస్తే ఆరేసిన బట్టల మీద బొగ్గు నుసి పడేది, గోదాముల మీదుగా వీస్తే పత్తి పీచు పడేది. బట్టలు దులుపుతూ ఇవాళ గాలి ఎటుదో చెప్పేదాన్ని. హనుమకొండ దగ్గరే అయినా అది చదువుకున్నవాళ్ళ ఊరు, సర్కారు కచేరీల ఊరు. మాకు అక్కడ ఏం పని? దవాఖానకు తప్ప అటు పోయిన గుర్తు లేదు.

వాగుకు పేరు ఉండే ఉంటుంది. మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. వానాకాలంలో అది ఏరై వచ్చి ఒడ్డున ఉన్న గుడిసెలను బెదిరించి పోయేది. ఎండాకాలంలో పిల్లలు దాటేంత పాయ. మిల్లులో ఒక్కో పనికి ఒక్కో ఖాతా. రంగు వేసే ఖాతా నుంచి నీళ్ళు ఒక తూములోంచి వచ్చి దాంట్లోనే పడేవి. కాబట్టి లోపల ఏ రంగు గుడ్డ తయారవుతోందో గోడ బయట ఉన్న మాకు వాగు చెప్పేది. ఒకరోజు నీలం, ఒకరోజు కుంకుమ రంగు. వాగులో దిగిన బర్రెలు ఒడ్డెక్కేసరికి మోకాళ్ళదాకా రంగు అంటుకుని ఉండేవి. చాకలివాళ్ళు మిల్లును తిడుతూ మూటలు ఎత్తుకుని పైకి, రంగు కలవని చోటికి పోయేవాళ్ళు. నేను కాపురానికి వచ్చిన కొన్నాళ్ళకు వాగు ఖాకీ రంగులోకి మారి, మళ్ళీ ఏళ్ళ తరబడి మారలేదు. యుద్ధం ఎక్కడ జరుగుతోందో, ఎవరు ఎవరితో కొట్లాడుతున్నారో నాకు తెలియదు. సిపాయిలకు చొక్కాలు కావాలి కాబట్టి వాగు ఖాకీగా పారుతోందని మాత్రం తెలుసు.

మిల్లువాళ్ళు పనివాళ్ళకు కట్టించిన ఇళ్ళను లైన్లు అనేవాళ్ళం. ఒకే పెంకు కప్పు కింద వరసగా గదులు, ప్రతి గదికీ ఒక అరుగు. ఎదురుగా అలాంటిదే ఇంకో వరస. మధ్యలో పొడుగాటి సందు, ఎక్కడా వంకర లేకుండా మిల్లు గోడ నుంచి వాగు దాకా. సిమెంటు గచ్చు మీద చీపురు వేస్తే మట్టి వాసన రాదు. కాపురానికి వచ్చిన కొత్తలో నాకు అన్నిటికంటే దిగులు పుట్టించింది అదే. ఊడ్చినా ఇల్లు ఊడ్చినట్టు ఉండేది కాదు.

నాది వర్ధన్నపేట పక్కన ఒక సాలె వాడ. పుట్టినప్పటి నుంచి మగ్గం చప్పుడు వినకుండా గడిచిన పగలు లేదు. మా వాడలో ఎవరింట్లో ఎవరు కండెలు చుడుతున్నారో, ఎవరింట్లో ఎవరు తింటున్నారో లెక్కే ఉండేది కాదు. లైన్లకు వచ్చాక ఒక గది, నేను, మా ఆయన నిద్ర. ఆయనకు ఒక వారం పగలు షిఫ్టు, ఒక వారం రాత్రి షిఫ్టు. రాత్రి షిఫ్టు వారం పగలంతా పడుకునేవాడు. గిన్నె చప్పుడు కాకూడదని నేను అరుగు మీద కూర్చునేదాన్ని. ఎదురు వరసలో అరుగుల మీద నాలాంటివాళ్ళే కూర్చుని ఉండేవాళ్ళు. ఎవరి మొగుడు నిద్రపోతున్నాడో వాళ్ళు గట్టిగా మాట్లాడకూడదు కదా, అందుకని అందరం ఊరికే ఒకరినొకరు చూసుకునేవాళ్ళం.

ఇంకో సంగతి. మిల్లులో మగ్గాల హోరులో అరిచి అరిచి మా ఆయనకు ఇంట్లోనూ అరిచే అలవాటు అయింది. "నీళ్లియ్యి" అన్నా తిట్టినట్టే ఉండేది. నేను ఏం తప్పు చేశానా అని కొన్నాళ్ళు మూలకు పోయి ఏడ్చాను. ఒకరోజు ఆయన అంతే గొంతుతో "జర ఇటు రాయే, మల్లెపూలు తెచ్చిన" అని అరిస్తే అప్పుడు అర్థమైంది. ఆ మాట లైను లైనంతా విన్నది. చాలా రోజులు బావి దగ్గర ఆడవాళ్ళు నన్ను చూసి కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

మా పక్క గదిలో ఒక తురకామె ఉండేది. అక్క అనడానికి నేను ఆపా అనేదాన్ని. ఆమెకు తెలుగు రాదు, నాకు ఉర్దూ రాదు. ఆమె సేమియా చేస్తే గిన్నెలో ఇచ్చేది, నేను ఆ గిన్నెలో జొన్నరొట్టె పెట్టి తిరిగి ఇచ్చేదాన్ని. అంతకంటే మాకు మాటల్లేవు. అయినా ఆ లైన్లో నా ముఖం చూసి నవ్విన మొదటి మనిషి ఆమే.

చిత్రం ఏమిటంటే, మా ఊరి సాలె వాడ మనుషులు సగానికి పైగా కొన్నాళ్ళకు ఆ మిల్లులోకే చేరారు. యుద్ధం వచ్చాక నూలు కంట్రోలైంది, సర్కారు ఇస్తే తప్ప దొరకదు. చేతిమగ్గాలకు నూలు లేదు. ఒక్కొక్కరే మగ్గం విప్పి అటక మీద పెట్టి మిల్లుకు వచ్చేశారు. వరసకు మామలు, బాబాయిలు, అన్నలు అందరూ ఇక్కడే. కానీ ఒకరు ఈ లైన్లో, ఒకరు ఆ లైన్లో. ఒకరికి పగలు, ఒకరికి రాత్రి. ఎవరైనా ఎదురుపడితే "బాగున్నవా బిడ్డా" అని అడిగి, నేను జవాబు చెప్పేలోపు కూత వినబడి పోయేవాళ్ళు. మిల్లు కూత వింటే అన్నం ముద్ద కూడా నోటిదాకా పోకుండా ఆగిపోయే కాలం అది.

మా వాడలో మగ్గం దింపనివాడు నాయిన ఒక్కడే. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది, నాకు అన్నదమ్ములు లేరు. నాయిన నడివయసు మనిషి, గట్టివాడు, మాట వినే రకం కాదు. నూలు లేని రోజుల్లో కూడా పొద్దున్నే మగ్గం తుడిచి, దాని ముందు కూర్చుని బీడీ తాగేవాడట. మా ఆయన కబురు మీద కబురు పంపాడు, మిల్లుకు రమ్మని. "నా మగ్గం మీద నేను నేసుకునుడు పోయి, ఎవనిదో మగ్గం కాడ నేను నిలబడుడా" అని ఆ కబురు తెచ్చినవాడితోనే తిప్పి పంపాడు.

నాకు మాత్రం నాయిన వచ్చేస్తే బాగుండునని ఉండేది. దాచుకోవడానికి ఏముంది? ఒంటరిగా ఉన్న మనిషికి తన మనిషి కావాలనిపిస్తుంది.

ఒకరోజు ఆయన వచ్చాడు. మిల్లుకు కాదు. ఎడ్లబండి దిగి, తెల్లగుడ్డలో చుట్టిన పెద్ద మూటను చంటిపిల్లను పట్టుకున్నట్టు రెండు చేతులతో లోపలికి తెచ్చి, నా పెట్టె మీద పెట్టాడు. ఎవరెవరి కాళ్ళావేళ్ళా పడ్డాడో, కంట్రోలు నూలు ఒక పడుగుకు సరిపడా సంపాదించాడు. పడుగంటే మగ్గానికి నిలువుగా ఎక్కించే నూలు. ఊళ్ళో ముసలమ్మలతో ఆసు పోయించి, పోగులన్నీ సరిగ్గా పేర్పించుకున్నాడు. ఇక గంజి పెట్టడమే మిగిలింది. అది మాత్రం ఒక్కడి వల్ల అయ్యే పని కాదు.

సాలెవాళ్ళు కానివాళ్ళ కోసం చెబుతాను. పడుగును వీధి పొడవునా గుంజల మీద సాగదీసి కట్టి, గంజి పట్టించి, ఆరకముందే పెద్ద కుంచెలతో, పోగు పోగు విడిగా ఉండేలా దువ్వాలి. ఇటు ఒక వరస మనుషులు, అటు ఒక వరస మనుషులు, ఎదురెదురుగా నిలబడి ఒకే అడుగు మీద నడుస్తూ దువ్వుతారు. ఎండ ముదిరేలోపు అయిపోవాలి. ఒకచోట దువ్వుతుంటే ఇంకోచోట ఆరిపోయిందా, పోగులు ఒకదానికొకటి అతుక్కుని చాపలా బిగుసుకుంటాయి. ఇక ఆ నూలు దేనికీ పనికిరాదు. అందుకే మా వాడలో ఒకరి పడుగంటే అందరి పడుగు. ముందురోజు సాయంత్రం ఇంటింటికీ పోయి పిలుస్తారు. పిలిస్తే రానివాడు ఉండడు.

"ఇక్కడెందుకు తెచ్చినవే నాయినా?" అన్నాను.

"మన వాడోళ్లంతా ఈడనే ఉన్నరు గదా బిడ్డా. ఊళ్లె ఎవలున్నరు? ముసలోళ్లు, పిల్లగాండ్లు. పడుగు వట్టెటోళ్లు యాడుంటే ఆడికే తెచ్చిన."

అని గుమ్మంలోకి పోయి సందును ఈ చివర నుంచి ఆ చివరకు చూశాడు. నేను రోజూ కూర్చుని విసుక్కునే ఆ సందును చూసి ఆయన ముఖం విప్పారింది. "ఎంత సాపుగున్నదే" అన్నాడు. మా వాడ వీధి వంకరగా ఉండేది, మధ్యలో ఒక బండరాయి కూడా ఉండేది. ఆయన లెక్కలో మా వాడ మునిగిపోలేదు. ఒకచోట నుంచి ఇంకో మంచిచోటికి లేచి వచ్చింది, అంతే. మనుషులు ఉన్నారు, సాపైన వీధి ఉంది, ఇంకేం కావాలి? నాకూ ఆ మాట సబబుగానే తోచింది. మేమిద్దరం సాలెవాళ్ళం మరి, షిఫ్టుల సంగతి మాకు ఒంట బట్టలేదు.

ఆ పడుగు కుదిరితే చీరలు నేసి, వాటిని చూపించి మళ్ళీ నూలు అడగవచ్చు. నేస్తూ ఉన్నవాడికే కంట్రోలు నూలు ఇస్తారు, మగ్గం ఆగినవాడికి ఇవ్వరు. అది పాడైతే ఆయన మగ్గం ఆగిపోయినట్టే. ఆ సంగతి ఆయన చెప్పలేదు, మా ఆయన చెప్పాడు.

"శుక్రవారం పెట్టుకుందాం మామా," అన్నాడు మా ఆయన. నిజాం రాజ్యంలో మాకు సెలవంటే శుక్రవారం. ఆ రోజు కూత ఉండదు, రెండు షిఫ్టులవాళ్ళూ ఇంట్లో ఉంటారు. గురువారం సాయంత్రం నాయిన తలపాగా చుట్టుకుని లైనులైనూ తిరిగాడు. ప్రతి గుమ్మం ముందు నిలబడి, ఊళ్ళో పిలిచినట్టే, "రేపు మా పడుగున్నది, పొద్దుగాల్నే రావాలె" అని పిలిచాడు. ఎవరూ కాదనలేదు. కొందరు ఆ పిలుపు విని ఎంతకాలమైందో అని కళ్ళు తుడుచుకున్నారట. మా బాబాయి వరస ఒకాయన ట్రంకుపెట్టె అడుగు నుంచి తన కుంచె తీసి, దుమ్ము దులిపి అరుగు మీద పెట్టుకున్నాడు. మిల్లుకు వచ్చేటప్పుడు మగ్గం వదిలి కుంచె తెచ్చుకున్నాడు చూడండి.

అల్లుడి ఇంట్లో అన్నం తినడానికి నాయినకు మొహమాటం. కంచం అరుగు మీదికి తీసుకుపోయి గోడవైపు తిరిగి తినేవాడు. ఆ సాయంత్రం మాత్రం లోపలే కూర్చుని, ఇంకొంచెం పెట్టమని అడిగి తిన్నాడు.

వచ్చినవాళ్ళకు గుగ్గిళ్ళు పెట్టడం మా ఆనవాయితీ. పెసలు దొరకని కాలం. ఉన్న అలసందలు నానబోశాను. గంజికి బియ్యం కూడా ఇంట్లో తినేవాటిలోంచే తీశాను. ఆ వారం మేం జొన్న గటక తాగి గడిపాం, అయినా నాకు పండగలాగే ఉంది.

శుక్రవారం తెలతెలవారుతుండగా సందు నిండింది. ఈ చివర గుంజ పాతారు, ఆ చివర గుంజ పాతారు. నాయిన మూట విప్పి పడుగును విడిచాడు. మనిషి నుంచి మనిషికి చేయి మారుతూ అది మా గుమ్మం ముందు నుంచి వాగు దాకా పోయింది. గదుల్లోంచి ఆడవాళ్ళు, పిల్లలు బయటికి వచ్చారు. మా ఊరివాళ్ళు కానివాళ్ళు ఇదేం తంతు అని అరుగులెక్కి చూశారు. కుంచెలు పట్టినవాళ్ళు ఇటూ అటూ నిలబడ్డారు. మిల్లులో చేయి ఊపుకుంటూ పోయే మనుషులు పంచె ఎగగట్టేసరికి పాత మనుషులైపోయారు. ఒకడు ఇంకొకడిని "నడుం వంగుతలేదేందిరో, మిల్లు బువ్వ ఎక్కువైందా" అని వెక్కిరించాడు. అందరూ నవ్వారు. కాపురానికి వచ్చాక ఆ సందులో అంత నవ్వు వినడం నాకు అదే మొదలు.

గంజి పట్టించడం అయింది. దువ్వడం మొదలుపెట్టారు. ఒక్క సారి పోయి, తిరిగి రావడానికి మళ్ళారు.

అప్పుడు మిల్లు కూసింది.

శుక్రవారం కూత. ఎవరూ నమ్మలేదు. కుంచెలు పడుగు మీదే ఆగాయి. అది రెండోసారి కూసింది. కాసేపటికి ఒక మేస్త్రీ సైకిల్ మీద సందు మొదట్లోకి వచ్చాడు. పడుగు అడ్డంగా ఉంది కాబట్టి దిగి, అక్కడి నుంచే చెప్పాడు. మిలిటరీ మాలు స్టేషన్లో ఎక్కించాలట, తక్కువ పడిందట, అన్ని ఖాతాలవాళ్ళూ రావాలట, రానివాళ్ళ పేర్లు ఆపీసుకు పోతాయట. అతను దుర్మార్గుడేమీ కాదు. పడుగును చూసి తల దించుకున్నాడు. చెప్పాల్సింది చెప్పి పక్క లైనుకు పోయాడు.

ఎవరూ ఒక్కసారిగా పోలేదు. అదే ఇంకా చూడలేకపోయాను. ఒక్కొక్కరే తన చేతి కింద ఉన్నంత మేర దువ్వి, నాయినవైపు చూసి, కుంచె గుంజకు తగిలించి, పంచె కిందికి దింపుకుని పోయారు. ఉద్యోగం పోతే గది పోతుంది. గది పోతే ఊళ్ళో ఏముంది? ఆ సంగతి నాయినకు కూడా తెలుసు. ఒక్కరిని కూడా ఆగమనలేదు. మా ఆయన మాత్రం కదలకుండా నిలబడ్డాడు.

"నువ్వు పో అల్లుడా," అన్నాడు నాయిన. "ఇల్లు వాళ్లది."

"గిట్ల ఒదిలేసి ఎట్ల పోను మామా?"

"ఫికర్ చెయ్యకు. పో."

మా ఆయన పోయాడు. సందు దాటి మిల్లు గోడ వెంట మళ్ళేదాకా వెనక్కి చూస్తూనే ఉన్నాడు.

సందులో పొడుగాటి తడి పడుగు, ఈ చివర నాయిన, అరుగు మీద నేను. మిల్లు గోడ మీద నుంచి ఎండ దిగుతోంది. నాయిన గుంజకు తగిలించిన కుంచె ఒకటి తీసి నా వైపు చాపాడు.

మా వాడలో ఆడవాళ్ళు కుంచె పట్టరు. రాట్నం మాది, కండెలు మావి, ఆసు మాది, తెగిన పోగు ముడేయడం మాది. కుంచె మగవాళ్ళది. మా మేనత్త ఒకసారి చిన్నతనంలో కుంచె ముట్టుకుందని మా తాత మూడురోజులు మాట్లాడలేదని చెప్పుకునేవాళ్ళు. నేను కొంగు బిగించి దిగాను.

"నా మొఖం సూడకు. సెయ్యి సూడు," అన్నాడు నాయిన.

ఆయన అటు, నేను ఇటు. ఆయన చేయి ఎక్కడ దిగితే నా చేయి అక్కడ దిగాలి, ఆయన అడుగు వేస్తే నేను అడుగు వేయాలి. మొదట్లో కుంచె బరువుకు నా చేయి వెనకబడింది. తర్వాత కుదిరింది. పోగులు విడివిడిగా, తడిగా, నున్నగా నా చేతి కింద పోతుంటే నాకు సంతోషం వేసింది. ఇది చెప్పకుండా ఉండలేను. నాయిన బతుకుతెరువు ఎండకు ఎండిపోతోంది, నేనేమో ఆ సందులో మొదటిసారి ఒంటరిగా లేను. ఆయన ఎదురుగా ఉన్నాడు, ఇద్దరం ఒకే పనిలో ఉన్నాం. రెండూ ఒకే పూట జరిగాయి.

మేం ఈ చివర దువ్వుతుంటే వాగు వైపు చివర ఆరిపోతోంది. అది చూసిన ఆపాకు ఏం తోచిందో, "సూఖ్ జారా, సూఖ్ జారా" అంటూ తన బిందె తెచ్చి ఆ చివర దోసిళ్ళతో నీళ్ళు చల్లింది. పాపం, ఆరిపోతున్నదాన్ని తడిపితే బాగుపడుతుందనుకుంది. నీళ్ళు పడినచోట గంజి కరిగి పోగులు జారి ఉండలు కట్టాయి. నాకు ఒళ్ళు మండింది. నోరు తెరవబోయాను.

"ఏమనకు," అన్నాడు నాయిన. "కుంచె వట్టుకొని నిలవడ్డోళ్లు పోయిన్రు. ఆమె అచ్చింది."

ఆపా ఆ మాట అర్థం కాక మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. నాయిన ఆమెకు చేతులు జోడించాడు. ఆమె బిందె పట్టుకుని అక్కడే కూర్చుంది.

ఎండ సందంతా పరుచుకున్నాక నాయిన కుంచె కింద పెట్టాడు. పడుగు పక్కనే వాగు వైపు నడుచుకుంటూ పోయాడు, అరచేయి దాని మీద ఆనించి. ఒకచోట చేయి ఆగింది. అక్కడి నుంచి అవతలిదంతా గట్టిపడింది. నడుముకు ఉన్న చిన్న కత్తి తీసి, ఎక్కడ ఆగాడో అక్కడ అడ్డంగా కోశాడు. సాగదీసి ఉన్న పడుగు రెండు వైపులా జారి నేల మీద పడింది. మంచి సగాన్ని ఆయన చుట్టాడు. రెండో సగాన్ని నేను చుట్టబోతే వద్దన్నాడు. పిల్లలు దాన్ని తాళ్ళాటకు తీసుకుపోయారు.

పొద్దుగూకే వేళకు మిల్లు వదిలింది. పొద్దున నవ్వినవాళ్ళందరూ గోడ వారన తలలు వంచుకుని వచ్చారు. గుగ్గిళ్ళ గుండిగ నిండుగా అలాగే ఉంది. ఏం చేయమంటావని నాయినను అడిగాను.

"పంచు. అచ్చిన్రు గదా."

ఇంటింటికీ తీసుకుపోయాను. మగవాళ్ళు ఎవరూ గుమ్మంలోకి రాలేదు, ఆడవాళ్ళే వచ్చి గిన్నెలు పట్టారు. మా బాబాయి వరస ఆయన ఒక్కడే బయటికి వచ్చాడు. దోసిలి పట్టి తీసుకుని లోపలికి పోయాడు. నాయిన మర్నాడు పొద్దున్నే సగం పడుగుతో బండెక్కాడు. ఉండమని నేను అడగలేదు. అడిగితే ఉంటాడేమోనని కూడా అనిపించలేదు.

తర్వాత చాలారోజులు నేను సందువైపు కూర్చోలేదు. అరుగు మీద వెనక్కి తిరిగి, ఇంటి గోడ చూస్తూ కూర్చునేదాన్ని. వాగు ఖాకీగానే పారింది.

దసరా దాటాక నాయిన కబురు పంపాడు, ఒకసారి వచ్చి పొమ్మని. పోయేసరికి ఇంట్లో మగ్గం లేదు. సగం పడుగుతో అయినన్ని చీరలు నేశాడు, అవి నూలు అడగడానికి చాలలేదు. మా బాబాయి వరస ఆయనే తిరిగి తిరిగి మిల్లులో నాయినకు ఒక చోటు చూశాడట. ఇల్లు మిరపకాయల వ్యాపారికి గోదాము కింద ఇచ్చేశాడు. బస్తాలు పేర్చాలంటే నేల సాపుగా ఉండాలన్నాడు వ్యాపారి. మాది గుంట మగ్గం. నేలలో గుంట తీసి, దాని ఒడ్డున కూర్చుని, కాళ్ళు లోపలికి వేసి నేసేది. ఇప్పుడు ఆ గుంట పూడ్చాలి. అందుకు పిలిచాడు నన్ను.

"ఎవల్నన్న పెట్టుకుంటే అయిపోవు గదనే నాయినా."

"ఎందుకు, మనిద్దరం లేమా?"

నేను తట్టతో మట్టి తెచ్చి పోశాను, నాయిన కాళ్ళతో తొక్కాడు. లోపల నిలబడి తొక్కుతుంటే మొదట నడుం పైభాగమే కనబడింది, తర్వాత మోకాళ్ళదాకా, తర్వాత మనిషంతా పైకి వచ్చాడు. నీళ్ళు చల్లి దిమ్మిసతో గట్టిగా కొట్టాం. నేను పేడ తెచ్చి అలికాను. అలికిన నేల వాసనకు నాకు ఏడుపొచ్చింది, కొంగు అడ్డం పెట్టుకుని పని చేశాను. నాయిన ఇక మాతోనే ఉంటాడు. నేను కోరుకున్నది అదే. అయినా ఏడుపు ఆగలేదు.

అన్నం వండి పిలిచాను. కాళ్ళు చేతులు కడుక్కుని లోపలికి వచ్చి నిలబడ్డాడు. ఆ ఇంట్లో ఆయన కూర్చున్నదంతా గుంట ఒడ్డునే. తిండి కూడా అక్కడే, కాళ్ళు గుంటలో వేలాడేసి. మా అమ్మ బతికుండగా దానికి రోజూ పోట్లాడేదట. ఇప్పుడు నేల ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒకేలా ఉంది. నాయిన ఇటు చూశాడు, అటు చూశాడు.

"యాడ కూసోవాలె బిడ్డా?" అన్నాడు.

గోడ పక్కన పీట వేశాను. కూర్చున్నాడు గాని కాళ్ళు ఏం చేసుకోవాలో తెలియలేదు. ముడిచాడు, చాపాడు, మళ్ళీ ముడిచాడు. చివరికి కంచం తీసుకుని గుమ్మంలోకి పోయి, కాళ్ళు మెట్టు మీదికి దించి, వాడవైపు తిరిగి తిన్నాడు. వాడలో ఎవరూ లేరు.